అంత చిన్న చేతిలో సూది నిలవాలంటే

ఆ రోజు పొద్దున మా బాబు పాలు తాగలేదు. అంతే. ఒళ్లు కాలడం లేదు, వాంతి లేదు, ఏడుపైనా లేదు. రొమ్ము నోటికి అందిస్తే రెండుసార్లు చప్పరించి దవడ వదిలేశాడు. ముందు రోజు దాకా ఆకలేస్తే వీధి చివరకు వినపడేలా అరిచినవాడు ఉన్నట్టుండి అంత బుద్ధిమంతుడు ఎలా అయ్యాడా అనుకున్నాను. అతి బుద్ధిమంతులంటే నాకు చిన్నప్పటి నుంచీ అనుమానమే.

అప్పటికి నేను నెక్కొండలో మా అమ్మ దగ్గర బాలింతగా ఉన్నాను. అత్తగారిల్లు వరంగల్ కొత్తవాడ. ఇంట్లో మగ్గం మీద జంపఖానాలు నేస్తారు. మా ఆయన శ్రీనివాస్, మా అత్త కొమురమ్మ, ఇద్దరిదీ అదే పని. నేను ఇంటి దగ్గరే జాకెట్లు కుడతాను. బాబు నెల ముందే పుట్టాడు, బరువు తక్కువ. అయినా పాలు బాగా తాగుతున్నాడని దవాఖాన నుంచి ఇంటికి పంపారు. మేము నెక్కొండ చేరి వారం కూడా కాలేదు.

"పండుకోనియ్యి బిడ్డా, కడుపు నిండిందేమో" అన్నది మా అమ్మ.

బాబు పాదాలు పట్టుకుని చూశాను. "అమ్మా, వీని కాళ్లు సల్లగున్నయే."

"పొద్దుపొద్దుగాల గదా, సలికి గట్లనే ఉంటయి."

"మరి నా కాళ్లు వెచ్చగనే ఉన్నయి గద!"

 మా అమ్మ కూడా వచ్చి వాడి పొట్ట మీద, కాళ్ల మీద చెయ్యి పెట్టి చూసింది. వెంటనే చెప్పులేసుకుని పక్కింటివాళ్ల కారు అడగడానికి పోయింది. వరంగల్ వచ్చేదాకా నేను వాడి అరికాలు మీద వేలితో తడుతూనే ఉన్నాను. తట్టినప్పుడల్లా ముఖం చిట్లించి మళ్లీ నిద్రలోకి జారిపోయాడు. ఒక్కసారి ఏడిస్తే బాగుండునని దేవుళ్లందరికీ మొక్కాను.

పిల్లల దవాఖానలో మా బాబును చూడగానే లోపలికి, ఎన్‌ఐసీయూలోకి, తీసుకుపోయారు. అంత చిన్న పిల్లలకు ప్రత్యేకమైన ఐసీయూ అది. మా ఆయనా అత్తా కొత్తవాడ నుంచి వచ్చేసరికి రక్తం తీశారు, షుగర్ చూశారు, చేతికి కాన్యులా పెట్టారు. కాన్యులా అంటే నరంలో ఉంచే సన్నని ప్లాస్టిక్ గొట్టం. సూదితో గుచ్చి, సూది తీసేసి, గొట్టాన్ని లోపలే ఉంచుతారు. మందులు, సెలైన్ అందులోంచే పోతాయి. అక్కడ అందరూ దాన్ని 'లైన్' అంటారు.

డాక్టర్ మేడం మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "సెప్సిస్ అనుకుంటున్నాం. అంటే రక్తంలో ఇన్‌ఫెక్షన్. సీఆర్‌పీ ఎక్కువుంది, ఇన్‌ఫెక్షన్‌కు అది గుర్తు. ఏ క్రిమో తెలియడానికి రక్తం కల్చర్‌కు పంపాం. వెన్నులోంచి నీళ్లు తీసి చూడాలి, మెదడు పొర దాకా పోయిందా లేదా తెలియాలి. టైంకే తెచ్చారు. మీకెట్లా అనుమానం వచ్చింది?"

"పాలు తాగలేదు మేడం" అన్నాను.

"చిన్న పిల్లల్లో అదే పెద్ద లక్షణం" అన్నది.

వెన్ను నీళ్ల టెస్టు వచ్చింది. మెనింజైటిస్, అంటే మెదడు పొరకూ పాకింది.  మా అత్త ఆ జబ్బు పేరు పలకలేకపోయినా మా ముఖాలు చూసి అర్థం చేసుకుంది. మేడం నెమ్మదిగా చెప్పింది. "మందుంది. పనిచేస్తుంది. కానీ ఇది నోటితో ఇచ్చే మందు కాదు, నరంలోకే పోవాలి. మూడు వారాలు. మధ్యలో డోసులు తప్పొద్దు."

మందుంది అన్న మాట దగ్గరే నా మనసు ఆగిపోయింది. ఇక వాడు దక్కినట్టేనని నాలో నేను అనుకున్నాను. మందు లోపలికి పోయే దారి దొరకడమే ఇంత పెద్ద యుద్ధమవుతుందని అప్పుడు నాకేం తెలుసు!

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, ఎందుకంటే నాలాగే చాలామందికి తెలియదు. పెద్దవాళ్లకు చేతికి ఒకసారి లైన్ పెడితే కొన్ని రోజులు నడుస్తుంది. అప్పుడే పుట్టిన పిల్లల నరాలు కుట్టు దారం కంటే పెద్ద లావుండవు. మందు ఘాటుకు, పిల్లవాడు చెయ్యి ఆడించడానికి, ఆ నరం ఒకటి రెండు రోజుల్లోనే చేతులెత్తేస్తుంది. మందు నరంలో పోకుండా చర్మం కింద చేరి వాస్తుంది. అప్పుడు దాన్ని తీసేసి ఇంకో చోట గుచ్చాలి. ఎక్కువ వాస్తే చర్మం కూడా పాడవుతుందట. మా బాబుకు మొదటి లైన్ మర్నాటికే పోయింది. రెండోది ఇంకా తొందరగా పోయింది.

రెండో లైన్ పెట్టేటప్పుడే నాకు ఫర్జానా సిస్టర్ పరిచయమైంది. ములుగు దగ్గర పల్లె ఆమెది. నడివయసు, గట్టి గొంతు, కానీ చేతులు మాత్రం దూదితో చేసినట్టుంటాయి. ముందు ఆమె చేసిన పని బాబు మణికట్లకు, కాళ్లకు మా అమ్మ కట్టిన నల్లదారాలు, పూసలు కత్తిరించడం. మా అమ్మ ఒక్కో చేతికి రెండేసి వరసలు కట్టింది. దిష్టి ఏ వైపు నుంచి వచ్చినా తప్పించుకోలేదన్నమాట.

"దిష్టికి కట్టిన్రు, మంచిదే. గని చేయి వాస్తే ఈ దారం బిగుసుకుంటది. మంచి నరం గూడ దీని కిందనే ఉన్నది" అన్నది. దారాలు మా అమ్మకే ఇచ్చి పంపించింది.

ఆమె పని తీరు చూస్తూ ఉండిపోయేదాన్ని. తొందర అన్నదే లేదు. బాబు చేతిని కాసేపు తన అరచేతిలో వెచ్చగా పట్టుకునేది. చిన్న లైటు అరచేతి కింద పెడితే చెయ్యంతా ఎర్రగా వెలిగి, అందులో నరం నల్లగా గీతలా కనపడేది. నేను పిండిన పాలచుక్క వాడి నాలుక మీద వేసి, వాడు చప్పరిస్తుండగా గుచ్చేది. రెండుసార్లకు రాకపోతే పక్క సిస్టర్‌కు ఇచ్చేసేది.

"మీరే ఇంకోసారి చూడండి సిస్టర్" అని నేను బతిమాలితే వినలేదు. "రెండుసార్ల మీద నాకు పట్టుదల ఎక్కుతదమ్మా. నా పట్టుదలకు నీ కొడుకు చేయి బలైతది."

లైన్ దొరికాక దాని మీద అద్దం లాంటి డ్రెస్సింగ్ వేసేది, సూది పోయిన చోటు ఎప్పుడూ కనపడాలని. చేతి కింద దూది చుట్టిన చిన్న పట్టీ పెట్టి కదలకుండా కట్టేది, కానీ వేళ్ల కొసలు బయటికే ఉంచేది. మందుకు ముందు, మందు తర్వాత, కొంచెం సెలైన్ నీళ్లు నెమ్మదిగా తోసి చూసేది. దాన్ని ఫ్లష్ అంటారు. నీళ్లు సాఫీగా పోతే సంతోషం. వాడు అప్పుడు మూలిగితే ఆమె ముఖం మారిపోయేది.

నన్ను లోపల ఎక్కువసేపు ఉండనివ్వడం మొదలుపెట్టాక ఆమె నాకూ పని అప్పజెప్పింది. "నేను ఆరుగురు పిల్లలను చూడాలె. నువ్వు ఒక్కన్నే చూడాలె. లైన్ ఉన్న చేయి, లేని చేయి పక్కపక్కన పెట్టి చూడు. ఒక్క తీరుగ ఉన్నయా? ఒకటి లావైందా? ఎర్రగైందా, లేకుంటే తెల్లగ పాలిపోయిందా? ముట్టుకుంటే సల్లగున్నదా? ఏది తేడా అనిపించినా పిలువు. ముందుగల పట్టుకుంటే చేయి మిగులుతది."

ఇక చూసుకోండి. నేను ఊరుకునే రకమా? వాడు వేలు కదిపితే పిలిచాను, కదపకపోతే పిలిచాను. డ్రెస్సింగ్ మీద మంచు బిందువులా ఏదో కనపడిందని పిలిస్తే అది నా కన్నీటి చుక్కే. అక్కడి చిన్న సిస్టర్లు నాకు 'సైరన్ అక్క' అని పేరు పెట్టారు. నా ముందే అనేవాళ్లు. నవ్వొచ్చేది గానీ ఒకటి రెండుసార్లు మనసు చివుక్కుమంది.

జాగ్రత్త ఎంత పడ్డా నరాలు మాత్రం ఒక్కొక్కటిగా అయిపోతూనే వచ్చాయి. చేతులు, మోచేతులు, చీలమండలు, అన్నిచోట్లా నీలి మచ్చలు. మేడం లాంగ్ లైన్ ప్రయత్నించింది. అది చేతి నరంలోంచి గుండె దగ్గరి పెద్ద నరం దాకా పోయే సన్నని పొడుగు గొట్టం. అది నిలిస్తే రోజూ గుచ్చే పనుండదు. కానీ ఎక్కలేదు. సగం దాకా పోయి ఆగింది, తీసేయాల్సి వచ్చింది. ఆ రోజు మేడం బయటకు వచ్చి మాస్కు తీసినప్పుడు ఆమె ముఖం కూడా వాడిపోయింది.

ఒకరోజు మధ్యాహ్నం, ఉన్న ఆఖరి లైను కూడా పోయింది. మేడం మా ఇద్దరినీ పిలిచింది. "చేతులు, కాళ్లు అన్నీ వాచి ఉన్నాయమ్మా, వాటికి రెండు మూడు రోజులు రెస్ట్ ఇవ్వాలి. తర్వాత లాంగ్ లైన్ మళ్లీ చూద్దాం. అప్పటిదాకా తలలో నరం వాడదాం. అక్కడ బాగా కనపడుతోంది. ఆ చోట కాస్త వెంట్రుకలు తీస్తాం. సాయంత్రం డోసు టైం లోపల లైన్ కావాలి."

 "మెదడుకు తగలదా మేడం?" అని అడిగాను.

"లేదమ్మా. ఇది చర్మం కింద ఉండే నరం, ఎముక పైన. చేతి నరం లాంటిదే" అన్నది.

నేను సరే అన్నాను. మా ఆయన మాత్రం  "అమ్మకు చెప్పాలె" అన్నాడు.

ఎందుకో నాకు తెలుసు. నాకు అంతకుముందు ఒక కాన్పు నిలవలేదు. ఏడో నెలలో పోయింది. ఈసారి కడుపులో పడ్డప్పుడే మా అత్త కొమురవెల్లి మల్లన్నకు మొక్కుకుంది. బిడ్డ నిలబడితే పుట్టువెంట్రుకలు ఆయన దగ్గరే తీయిస్తానని. అప్పటిదాకా తల మీద కత్తెర పడకూడదు. మల్లన్న మా ఇంటి దేవుడు. ఆమెకు పేరే ఆయన ఊరి మీద పెట్టారు. ఆ మొక్కు ఆమెకు మాట కాదు, ప్రాణం.

ఎన్‌ఐసీయూ బయట మెట్ల దగ్గర మా అత్త కూర్చుని ఉంది. మా ఆయన చెప్పగానే లేచి నిలబడింది. "ఎంటికలా? మల్లన్నకు మొక్కిన ఎంటికలా? అవి నా మనుమనియి గావురా, దేవునియి. దేవుని సొమ్ము ముడితే ఊకుంటడా? ఒకపారి చూసినం గదా!"

ఆ 'ఒకపారి' నాకు ఈటెలా దిగింది. పోయిన బిడ్డను ఎత్తి చూపింది. కోపం నషాళానికంటింది. "అత్తమ్మా, ఊపిరుంటే ఉప్పమ్ముకోనన్న బతుకుతడు. ఎంటికలు మళ్ల మొలుస్తయి. పిలగాడు మొలుస్తడా?" అన్నాను. గట్టిగానే అన్నాను. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

మా అత్త నన్ను తిట్టలేదు. అదే నాకు ఆశ్చర్యం. మెట్టు మీద కూలబడి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆమె ఏడవడం నేను అదే చూడడం. నాకు వాడు మందు అందక పోతాడని భయం. ఆమెకు మొక్కు తప్పి పోతాడని భయం. ఇద్దరి భయమూ వాడి కోసమే. మా ఆయన మధ్యలో అడకత్తెరలో పోకచెక్కలా నిలబడ్డాడు. డోసు టైం మాత్రం ఎవరి కోసమూ ఆగడం లేదు.

గొడవ వినపడి ఫర్జానా సిస్టర్ బయటికి వచ్చింది. సంగతి నన్నడగలేదు. మా అత్త పక్కనే మెట్టు మీద కూర్చుంది. "పెద్దమ్మా, మొక్కు ఎవరికున్నది?"

"కొమురెల్లి మల్లన్నకు."

"తలంతట మొక్కినవా?"

"తలంతట."

"నాకు రూపాయి బిళ్లంత జాగ చాలు. మిగిలిందంత దేవునికే ఉంటది. ఆ రూపాయి బిళ్లంత గూడ కింద పడనియ్య. బట్టల పట్టి నీ చేతికే తెచ్చిస్త. నువ్వు దాచిపెట్టు. కొమురెల్లి పోయిన్నాడు అన్ని కలిపి ఇయ్యి. దేవునికి తక్కువైతదా?"

మా అత్త కళ్లు తుడుచుకుని ఆమెను ఎగాదిగా చూసింది. "నువ్వే తీస్తవా?"

"నేనే తీస్త. మీ దేవుని పేరు తల్సుకుంటనే తీస్త. ఏమని తల్సుకోవాలె, జర చెప్పు."

 మా అత్త లేచి మెట్ల మీదే తూర్పుకు తిరిగి చేతులు జోడించింది. "మల్లన్నా, నీ సొమ్ము నీకే ముడుతది, పిలగాన్ని మాకియ్యి, అని చెప్పు బిడ్డా" అన్నది. కొంగు చివర చించి, అందులో పట్టమని సిస్టర్ చేతికిచ్చింది. సిస్టర్ ఆ గుడ్డ లోపలికి తీసుకుపోలేనని చెప్పి, గాయాలకు కట్టే శుభ్రమైన గాజుగుడ్డలో పట్టి తెస్తానన్నది. తెచ్చాక దాన్ని ఆ కొంగు ముక్కలో కట్టుకోమన్నది. మా అత్త దానికీ ఒప్పుకుంది.

లోపల నేను బాబు కాళ్లు పట్టుకున్నాను. సిస్టర్ చెవి పైన కాస్త చోట వెంట్రుకలు తీస్తూ, నిజంగానే, మెల్లగా "మల్లన్నా, నీ సొమ్ము నీకే ముడుతది" అన్నది. వెంటనే తన అలవాటు కొద్దీ "బిస్మిల్లా" అని సూది అందుకుంది. మొదటిసారికే దొరికింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. ఇద్దరు దేవుళ్లను ఒకే పనికి పెట్టిన మనిషిని నేను మళ్లీ చూడలేదు. సాయంత్రం డోసు టైంకే పడింది. ఆ గుప్పెడు కూడా లేని వెంట్రుకలను మా అత్త దాచింది. తర్వాత కొమురవెల్లిలో మొక్కు తీర్చినప్పుడు అన్నీ కలిపే ఇచ్చాం.

తల లైన్ మాకు కావలసిన రోజులు నిలిచింది. ఈలోగా చేతుల వాపు తగ్గింది. మేడం రెండోసారి లాంగ్ లైన్ ప్రయత్నిస్తే ఈసారి ఎక్కింది. ఎక్స్‌రే తీసి సరైన చోటే ఉందన్నారు. మేడం బయటికి వచ్చి నవ్వింది. "కోర్సు అయ్యేదాకా ఇదే నిలవాలి. ఇది పోతే ఇంకోటి పెట్టడానికి చోటు వెతుక్కోవాలి. కాపాడడం సగం మా పని, సగం మీ పని."

వాడు కోలుకోవడం కనపడింది. కళ్లు తెరిచి చూసేవాడు. పాలు మళ్లీ గట్టిగా లాగాడు. ఆకలికి అరిచాడు. ఆ అరుపు వింటే ప్రాణం లేచొచ్చింది. రోజూ కాసేపు వాడిని నా ఛాతీ మీద, ఒంటికి ఒళ్లు తగిలేలా పడుకోబెట్టుకోమన్నారు. కంగారూ కేర్ అంటారు. మొదటి రోజు వాడి బరువు గుండె మీద పడగానే, ఇక నాకు లోకంలో ఇంకేమీ వద్దనిపించింది.

అప్పుడు వచ్చింది మా అమ్మ, నెక్కొండ నుంచి, నువ్వులనూనె సీసాతో. బాలింతకు ఇన్నాళ్లూ నూనె పెట్టలేదని ఆమెకు ఒకటే బెంగ. "ఇప్పుడు పెట్టకపోతే నడుము పడిపోతది, ముసలితనంల నన్నే తిడతవు" అన్నది. తల్లుల గదిలో కూర్చోబెట్టి నడుముకు, మెడకు, భుజాలకు మర్దన చేసింది. ఉత్త వేణ్నీళ్లు పోసింది. ఎన్నో రోజుల తర్వాత ఒళ్లు తేలికపడింది. చేతులు చక్కగా సబ్బుతో కడుక్కుని బాబు దగ్గరికి పోయాను. చేతులు కడుక్కోమన్నారు, కడుక్కున్నాను. ఒంటి జిడ్డు సంగతి ఎవరి బుర్రకూ తట్టలేదు.

వాడు నా ఛాతీ మీద హాయిగా నిద్రపోయాడు. లైన్ ఉన్న చెయ్యి నా మెడ కింద ఆనించి ఉంది. చాలాసేపటికి చూస్తే డ్రెస్సింగ్ ఒక మూల కొంచెం లేచినట్టు కనిపించింది. పిలుద్దామా అనుకున్నాను. పొద్దున్నే ఒకసారి ఊరికే పిలిచి ఉన్నాను, చిన్న సిస్టర్ నవ్వింది కూడా. మళ్లీ సైరన్ మోగిందంటారేమో అని నోటి దాకా వచ్చిన పిలుపు మింగాను. ఇంకోసారి చూశాను. గొట్టం మీద సిస్టర్ గీసిన నల్ల గుర్తు డ్రెస్సింగ్ లోపల ఉండాలి. బయట ఉంది.

"సిస్టర్!" అని అరిచాను. అవతలి బేబీ దగ్గరున్న ఫర్జానా సిస్టర్ ఒక్క అంగలో వచ్చింది.

"కదలకు. ఊపిరి తీస్కో, గని భుజం కదిలియ్యకు." చేతులు కడుక్కుని, గ్లవుజులు వేసుకుని ముందు గొట్టాన్ని పట్టుకుంది. తర్వాత నా మెడ మీద వేలు రాసి చూసుకుంది. "నూనె పెట్టుకున్నవా?"

"మా అమ్మ పెట్టింది."

"జిడ్డు మీద ప్లాస్టర్ నిలుస్తదా తల్లీ? జాకెట్లు కుడుతవు గదా, నూనె మరక మీద స్టిక్కర్ అతుకుతదా?" అని కసిరింది. ఆమె ముఖం ఎర్రబడింది.  

బాబును తీసి పడుకోబెట్టారు. ఎక్స్‌రే మిషన్ వచ్చింది. అది తీసి, చూసి, మేడం మాట్లాడేదాకా నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. లైన్ పోతే ఇక ఎక్కడ గుచ్చుతారు అన్న ఒక్క ప్రశ్నే తలలో తిరిగింది.

"జారింది" అన్నది మేడం. "పెద్ద నరం దగ్గర్నుంచి కొంత బయటికి వచ్చింది. కానీ ఇంకా మంచి నరంలోనే ఉంది. మనం ఇచ్చే మందుకు సరిపోతుంది. ఇంకొక్క రవ్వ జారితే మాత్రం పోయేది. చూసిందెవరు?"

ఫర్జానా సిస్టర్ నా వైపు చూపింది. "మా సైరన్ మేడం" అన్నది.

కొత్త డ్రెస్సింగ్ వేశాక ఆమె నా దగ్గరికి వచ్చింది. "కోపం చేసిన, ఏమనుకోకు. చేతులు కడుక్కొమ్మని చెప్పినం గని నూనె సంగతి మేం గూడ చెప్పలే. తప్పు మీ ఒక్కలదే గాదు" అన్నది. మర్నాటి నుంచి కొత్తగా వచ్చిన ప్రతి తల్లికీ ఆమె చెప్పే మొదటి మాట, బిడ్డను ఎత్తుకునే ముందు ఒంటికి నూనె రాసుకోవద్దని.

మా అమ్మ నూనె సీసాను మా అత్త జప్తు చేసింది. వియ్యపురాలిని ఒక్క మాట అనలేదు గానీ సీసా మాత్రం తిరిగివ్వలేదు. అప్పట్నుంచి మా అత్త ఎన్‌ఐసీయూ తలుపు దగ్గర కాపలా పోలీసు అయిపోయింది. మా ఆయన రాగానే "చేతులు చూపియ్యి", నేను రాగానే "మెడ చూపియ్యి". ఒకసారి రౌండ్స్‌కు వచ్చిన మేడంను కూడా "చేతులు కడిగినవా బిడ్డా?" అని అడిగింది. మేడం నవ్వి, లోపల సింకు దగ్గర మళ్లీ కడిగి రెండు చేతులూ తలుపు అద్దంలోంచి చూపించింది.

ఆ లైన్ నిలిచింది. చివరి డోసు దాకా నిలిచింది. తీసే రోజు ఫర్జానా సిస్టర్ నన్ను పిలిచి పక్కన నిలబెట్టుకుంది. ఆ గొట్టాన్ని మెల్లగా లాగుతుంటే బాబు ఏడవలేదు కూడా, ఆమె ముఖం వైపు చూస్తూ పడుకున్నాడు. అంత సన్నగా ఉంది అది. దాని గుండా పోయిన మందుతోనే నా బిడ్డ బతికాడు. ఆమె చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాను. "ఏయ్, మళ్ల కడుక్కోవాలె ఇప్పుడు" అన్నది, కానీ చేతులు లాక్కోలేదు.

మెనింజైటిస్ వచ్చిన పిల్లలకు చెవులు వినపడుతున్నాయో లేదో చూడాలని చెప్పారు. ఇంటికి వచ్చాక ఆ టెస్టు చేయించాం. రెండు చెవులూ బాగున్నాయి. తల స్కాన్ బాగుంది. ఇప్పటికీ చెప్పిన టైంకు చెకప్‌కు పోతాం. వాడి పేరు మల్లికార్జున్. నడుస్తాడు, పరుగెడతాడు, మగ్గం దగ్గర నూలు చుట్టిన కండెలు దాచిపెట్టి వాళ్ల నాన్నను సతాయిస్తాడు. ఎడమ చేతి మీద రెండు తెల్లని మచ్చలున్నాయి. చెవి పైన మాత్రం అసలు గుర్తే లేదు, జుట్టు ఒత్తుగా పెరిగింది.

ఈ మధ్య మా వీధిలో ఒకామె బిడ్డ ఎన్‌ఐసీయూలో పడితే నా దగ్గరికి వచ్చింది. సూది ఉన్న చెయ్యి చూడలేక తన కొంగు కప్పుతున్నానని చెప్పింది. ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. కప్పకండి. చూడడం కష్టమే, అయినా చూడండి. రెండో చేతితో పోల్చి చూడండి. వాచినా, రంగు మారినా, ప్లాస్టర్ మూల లేచినా వెంటనే సిస్టర్‌ను పిలవండి. ఊరికే పిలిచామేమో, నవ్వుతారేమో అని ఆగొద్దు. నేను పిలిచిన పిలుపుల్లో చాలావరకు ఊరికే పిలిచినవే. ఆ ఒక్కటి కూడా ఊరికేనేమో అనుకుని ఆగిపోయి ఉంటే, ఈ పూట కండెలు దాచేవాడు మా ఇంట్లో ఉండేవాడు కాదు.